మోరి పక్క పెట్టె

మంగళ సర్దిన సంచిని విప్పి నేను మళ్ళీ సర్దుతున్నాను. అడుగున చీరలు, వాటి మీద తువ్వాలు, ఆ పైన సర్వపిండి మూట. నూనె చీరలకు ఎక్కుతుందని భయం వేసి మూటను పక్కకు తీశాను. పక్కన పెడితే నలిగిపోతుందని మళ్ళీ పైకి తెచ్చాను. రెక్సిన్ సంచి అది. జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోతుంది. మిగతా సగానికి నాడా కట్టాలి.

"అత్తా, ఇంకెన్నిసార్లు ఇప్పుతవ్? బండి నా కోసం ఆగదు," అంది మంగళ. గోడకు తగిలించిన అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటోంది.

"క్యాసెట్టు యాడ పెట్టినవ్?"

"తువ్వాల మడతల. నువ్వే పెట్టినవ్ గద."

మడత విప్పి చూశాను. ఉంది. మళ్ళీ మడిచాను.

పక్క గదిలో ఉండే రత్నాబాయి గడప మీద చెయ్యి ఆనించి ఇదంతా చూస్తోంది. "నర్సమ్మక్కా, నువ్వు గూడ సంచిల కూసో. పైనుంచి నాడా నేను కడ్త," అంది.

మంగళ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నాడా ముడి వేశాను, లాగి చూశాను, విప్పి మళ్ళీ వేశాను.

మంగళ నా తమ్ముడు బుచ్చన్న కూతురు. పాలు మరవకముందే తల్లి పోయింది. అప్పటి నుంచి బొంబాయి కామాటిపురలో, వరస గదుల ఈ చాలీలో, ఒంటిగది ఈ ఖోలీలో, నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. వచ్చింది అంటే ఊరికే రాలేదు. పెట్టెలు నెట్టే ఒక చిన్న ఆట వల్ల వచ్చింది. ఆ ఆటే క్యాసెట్టులో ఉంది.

ఈ గదిలో నేను చాలా సంచులు సర్దాను. మా ఇంటాయన భూమయ్య ఉన్నప్పుడు, ఆయన పోయాక కూడా, పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్ళు మా దగ్గరే తిని మా దగ్గరే పడుకునేవారు. కట్టే బంగళా పూర్తయితే ఒకడు ఊరికి పోయేవాడు. వానలు పడితే ఇంకొకడు పోయేవాడు. నేను రొట్టెలు కట్టి ఇచ్చేదాన్ని. భూమయ్య నా ఒడిలో తల పెట్టుకుని ఇదే గదిలో కన్నుమూశాడు. ఆ ఏడుపు వేరు. ఏడ్చాను, అయిపోయింది. గడప దాటి "పోయొస్త" అని మెట్లు దిగినవాళ్ళ సంగతి అట్లా కాదు. మెట్ల మీద ఏ చెప్పు చప్పుడైనా ఇప్పటికీ తల ఎత్తి చూస్తాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఊరికి పోయే మనిషి తన రేకుపెట్టెను ఎక్కడ పెట్టి పోతే అది అక్కడే ఉండాలి. అతను తిరిగి వచ్చి తన చేత్తో జరుపుకునేదాకా ఇంకొకరు కదపకూడదు. పెట్టె జరిగితే ఆ మనిషికి ఇక్కడ చోటు పోయినట్టేనని మా అత్త చెప్పేది. చీపురు సంగతీ అంతే. మనిషి గడప దాటాక, చేరవలసిన చోటికి చేరి ఉంటాడని లెక్క కుదిరేదాకా ఇల్లు ఊడవకూడదు.

అందువల్ల సాయంత్రం పడకలు వేయడం మాకు పెద్ద పని. గది నిండా కదపరాని పెట్టెలు ఉంటే కదిలేవాటినే అటూ ఇటూ నెట్టుకోవాలి. ముందు బియ్యం డ్రమ్మును అటక కిందికి, తరువాత కుట్టు మిషన్‌ను తలుపు పక్కకు, చివరికి బల్లను. వరుస తప్పితే బల్ల అడ్డం పడి డ్రమ్ము ఇరుక్కుపోతుంది. అప్పుడు అందరూ లేచి నిలబడి, చాపలు చుట్టి, మొదటి నుంచి మొదలుపెట్టాలి. చిన్నప్పుడు మంగళ బల్ల మీద కూర్చుని మగవాళ్ళకు చెప్పేది, "అది కాదు మామా, ముందుగాల డ్రమ్ము!" అని.

కూలీలు ఒక్కొక్కరే వచ్చి తమ పెట్టెలు తీసుకుపోయారు. కొందరు ధారావిలో గుడిసెలు వేసుకున్నారు. కొందరు ఊళ్ళోనే ఆగిపోయి, పెట్టె కోసం మనిషిని పంపారు. గిన్నెలు కడిగే మోరి పక్కన బుచ్చన్న పెట్టె ఒక్కటి మిగిలింది. ఆకుపచ్చ రంగు పెట్టె. తాపీ పనికి మస్కట్ పోతూ అక్కడ పెట్టి పోయాడు. పంపిన ఏజెంటు ఆఫీసు తరువాత ఎత్తేశారు. అక్కడి నుంచి వచ్చిన ఒక మనిషి బుచ్చన్నను వేరే సైటులో చూశానన్నాడు. ఇంకొకడు అది వేరే బుచ్చన్న అన్నాడు. ఎవరైనా అడిగితే నేను "ఇంకా రాలేదు" అనేదాన్ని.

నాకు బడి లేదు. కిరాణా సామాను కట్టి ఇచ్చే కాగితాల మీద తెలుగు అక్షరాలు చూసి, తెలిసినవాళ్ళను అడిగి, కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. పొట్లం కాగితం కదా, ఏ కథా పూర్తిగా ఉండదు. నేను చదివిన కథల్లో సగం మనుషులు ఏమైపోయారో నాకు ఇప్పటికీ తెలియదు.

మంగళ సముద్రం వైపు ఒక సంస్థలో కంప్యూటర్ ఆపరేటరు. ఇల్లు ఎక్కడంటే అక్కడివాళ్ళకు "బొంబాయి సెంట్రల్ దగ్గర" అని చెబుతుంది. పక్క గల్లీల్లో సాని ఇళ్ళున్నాయి కాబట్టి, గల్లీ పేరు చెబితే తల తిప్పి చూసే చూపు తనకు వద్దంటుంది. అక్కడ ఒక సారు సాయంత్రం పూట లిస్పు అనే భాష నేర్పేవాడు. మంగళ ఒకసారి ఆ కాగితాలు తెచ్చి చూపించింది. నాకు అర్థమయ్యే అక్షరం ఒక్కటి లేదు. అన్నీ బ్రాకెట్లే. చివర అయితే మూసే బ్రాకెట్లు ఒకదాని వెనుక ఒకటి, చాలీ మెట్ల పక్కన విడిచిన చెప్పుల్లా ఉన్నాయి.

జపాన్‌లో ఎవరో గోదాములో పెట్టెలు నెట్టే ఆట ఒకటి చేశారట. అది చూసి మంగళ తనది తాను చేసుకుంది. చిన్న ఆట. రెండు కాగితాల్లో పట్టిపోతుంది.

ఆ మధ్య బెంగుళూరులో కొత్త శాఖ పెడుతున్నారని, దానికి మనుషులను ఎంచడానికి బుధవారం ఇద్దరు వస్తున్నారని తెలిసింది. మిగతావాళ్ళకు పెద్ద చదువులున్నాయి. మంగళ రాత్రిబడిలో చదివి పైకి వచ్చిన పిల్ల. తన చేత్తో చేసిందేదో వాళ్ళ ముందు నడిపి చూపాలి. ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క ఆటే. అది నడిస్తే బెంగుళూరు. నడవకపోతే మళ్ళీ అదే కుర్చీ, ఇతరుల టేపులు ఎక్కించడం దించడం.

"కంప్యూటర్ మొఖం చూడనోళ్ళు ఆడితేనే తప్పు బయట పడుతదని సారు చెప్పిండు," అంది మంగళ. "మా అత్త కన్న మంచి మనిషి యాడ దొరుకుతది?"

దానికి ముందు ఆదివారం మధ్యాహ్నం సారు దగ్గర అడిగి చిన్న కంప్యూటర్ మిషన్ తెచ్చింది. దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని టాక్సీలో వచ్చింది. ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో టాక్సీవాడు లోపలికి రానన్నాడట. అక్కడి నుంచి పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచి వచ్చింది. టీవీ రత్నాబాయి ఖోలీలో ఉంది కాబట్టి అక్కడే తగిలించారు. ఆట ఉన్న క్యాసెట్టు ఫాక్‌లాండ్ రోడ్డులో కొన్న సినిమా పాటలది. పాటలు చెరిపి దాని మీదే ఆట ఎక్కించింది. రత్నాబాయి టేప్‌రికార్డర్‌లో పెట్టి నొక్కగానే చెరగకుండా మిగిలిన పాట ముక్క ఒకటి వినిపించింది. ఆ వెంటనే చెవులు చిల్లులు పడేలా కీచుమంది.

"గీ కీచు కోసం మంచి పాటలు ఖరాబు చేసినవా పోరీ?" అంది రత్నాబాయి.

తెర మీద గీతలు వచ్చాయి. కొంతసేపు చూశాక తెరకు దగ్గరగా జరిగాను.

"గిది మన ఖోలీ గద," అన్నాను.

"మరి! గిది తలుపు. గిది కిటికి. గీ మూల మోరి. గీ చదరాలేమో సామాను. చుక్కలు పెట్టిన కాడికి నెట్టాలె. పడకలేసేటప్పుడు నెట్టినట్టే."

"నేను యాడున్న?"

"గీ నక్షత్రం నువ్వే."

"నక్షత్రమా!" అంది రత్నాబాయి. "మరి దానికి మోకాళ్ళు నొస్తయా?"

మంగళ నా వేళ్ళను మీటల మీద పెట్టింది. ఒకటి పైకి, ఒకటి కిందికి, చెరో పక్కకు ఒకటి. నొక్కితే నక్షత్రం ఒక అడుగు వేస్తుంది. చదరానికి ఎదురుగా నొక్కితే చదరాన్ని నెడుతుంది.

"నెట్టుడే అత్తా. గుంజుడు లేదు."

"ఎందుకు లేదు? పెట్టెకు పిడి ఉంటది గద."

"ఆటల పిడి లేదు."

"పిడి లేని పెట్టె ఎవడు కొంటడు?"

"అయ్యో, ఆడు అత్తా!"

"మరి పొరపాటున గోడకు నెట్టిననుకో?"

"గీ మీట కొట్టు. ఎనుకకు వస్తది. ఎంత దూరమైనా వస్తది, మొదటి దాంక. నేను అన్నీ పట్టుకునున్న."

అదెట్లా అని అడిగాను. మంగళకు ఆ సంగతి చెప్పడం ఇష్టం. ఆ భాషను ఆమె రాసే పద్ధతిలో ఒకసారి ఉన్నదాన్ని చెరపకూడదట. నక్షత్రం ఒక అడుగు వేస్తే గదిని మార్చరు. పాత గదిని చూసి ఒక అడుగు తేడాతో కొత్త గదిని రాస్తారు. పాత గది ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఇంకో అడుగుకు ఇంకో గది. మనం కొత్త గదిని చూస్తుంటాం, అంతే. పాతవన్నీ వెనుక ఉంటాయి.

"పోయినయి పోవన్న మాట," అన్నాను.

"పోవు అత్తా."

ఆ మాట నాకు బాగా నచ్చింది. భయం కొంచెం తగ్గి మీటలు నొక్కడం మొదలుపెట్టాను. డ్రమ్మును అటక కిందికి నెట్టాను. అది తేలికే. కుట్టు మిషన్‌కు దారి చేయాలంటే మోరి పక్కన ఉన్న చదరాన్ని గోడ వైపు నెట్టాలి. దాని ముందుకు పోయి ఆగాను. తిరిగి వచ్చాను. తలుపు వైపు నుంచి దారి ఉందేమో చూశాను. కిటికీ వైపు నుంచి చూశాను. మళ్ళీ మోరి దగ్గరికి వచ్చాను.

"గా పెట్టెను నెట్టు అక్కా," అంది రత్నాబాయి. "ఎదురుంగనే ఉన్నది. నాకు కనవడుతున్నది, నీకు కనవడుతలేదా?"

"అది బుచ్చన్నది," అన్నాను.

మంగళ నా వైపు చూసింది. నేను మళ్ళీ తలుపు వైపు నడిచాను. నక్షత్రానికి మోకాళ్ళు నొప్పిపుట్టేంత తిరిగాను. మధ్యలో ఒకసారి తెర కదలడం ఆగిపోయింది. మీట నొక్కినా పలకలేదు.

"ఏమైంది? నేను ఖరాబు చేసిన్నా?"

"లేదు, ఊడుస్తున్నది. ఎవరూ పట్టుకోని గదులుంటయి గద, లెక్క చేస్తప్పుడు పుట్టిన చిల్లర మల్లర. గవి ఊడ్చేసి జాగా చేసుకుంటది."

"ఊడుస్తున్నదా? గిప్పుడా? పోయినోళ్ళు చేరకముందే?"

"మిషన్‌కు గవన్నీ తెల్వదు అత్తా."

కదిలింది. నడిచాను. మళ్ళీ ఆగింది, ఈసారి ఇంకొంచెం సేపు. కదిలింది. కొంత నడిచేసరికి మళ్ళీ ఆగింది. తరువాత గది మొత్తం పైకి జరిగిపోయి, కింద ఇంగ్లీషులో ఏదో ముక్క పడింది. నక్షత్రం లేదు.

మంగళ తెర దగ్గరికి వంగింది.

"ఏమంటున్నది?" అని అడిగాను.

"జాగా లేదంటున్నది."

ఆ మాట నేను మా గడప దగ్గర నిలబడి ఎందరో కూలీలకు చెప్పాను. నాకు ఎవరూ చెప్పింది లేదు.

"మీ ఆట గూడ మన నల్లా లెక్కనే ఉన్నది. నురుగ పెట్టుకున్నంక బందు," అంది రత్నాబాయి. ఎవరూ నవ్వకపోయేసరికి చాయ్ పెడతానని లేచింది.

మంగళ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని చాలాసేపు ఆ ఇంగ్లీషు ముక్కనే చూసింది. తరువాత నాకు చెప్పినట్టుగా తనకు తానే చెప్పుకుంది. ఆమెకు పెట్టెల వరుస తెలుసు కాబట్టి ఎప్పుడు ఆడినా గబగబా నెట్టి ముగించేది. అందుకే మిషన్ ఎప్పుడూ నిండలేదు. నాలా తిరిగిన చోటే తిరిగేవాళ్ళు ఎవరూ దాన్ని ఆడలేదు. నేను వేసిన ప్రతి అడుగుకూ ఒక గది పుట్టింది. వెనుకకు రావడానికి పనికొస్తుందని ప్రతి గదినీ ఆమె ప్రోగ్రాం పట్టుకునే ఉంది. మిషన్ ఊడ్చడానికి చూసింది, ఏమీ దొరకలేదు.

"సారు ముందే అన్నడు. అన్ని పట్టుకుంటే చిన్న మిషన్ ఓర్వదు, కొన్నింటిని ఇడ్వమన్నడు. నేనే ఇనలే. ఇడ్వబుద్ధి కాలే అత్తా."

"బుధవారం వచ్చేటోళ్ళు నా లెక్క తిరుగరు గద?"

"తిరిగితే?"

నాకు నిజంగా తెలియదు. ఆట ఇట్లాగే ఆగిపోతే పిల్ల ఈ చాలీలోనే ఉంటుందన్న ఆలోచన మాత్రం వచ్చి కూర్చుంది. ఆ ఆలోచన చల్లగా ఉంది. పక్కకు తిరిగి చూస్తే మంగళ గోళ్ళు కొరుక్కుంటోంది. బుచ్చన్న మస్కట్ పోయిన ఏడాది ఈ పిల్ల వేలి చివర్లన్నీ పుండ్లు చేసుకుంది. వేపాకు రసం పూసి మాన్పించాను.

"మరి గా పెట్టెను మోరి పక్కన ఎందుకు పెట్టినవ్?" అని అడిగాను. "ఆటనే గద. ఇంకెక్కడన్న పెట్టకపోయినవా?"

"అది ఇంకెక్కడుంటది అత్తా? గది గీస్తుంటే చెయ్యి దానంతట అదే గక్కడ పెట్టింది. నువ్వు ఇంట్ల జరపవని తెలుసు. ఆటల గూడ జరపవని అనుకోలే."

"నువ్వు జరిపినవా?"

"ఆటల జరిపిన. జరిపి, గెలిచి, వెంటనే ఎనుకకు మీట కొట్టి నాయిన పెట్టెను మల్ల మోరి పక్కకు తెచ్చి పెట్టి బందు చేస్తుండె. రోజూ గట్లనే." ఆమె నేలను చూస్తూ అంది. "గందుకే మొదటి దాంక పట్టుకున్న. ఇప్పుడు తెలుస్తున్నది."

రత్నాబాయి చాయ్ తెచ్చింది. చప్పుడు చేయకుండా గ్లాసులు కింద పెట్టింది.

చాయ్ తాగి మంగళ ఆట రాసుకున్న కాగితాలు, పెన్సిలు తీసుకుంది. మార్చవలసింది పెద్దగా ఏమీ లేదట. చివరి కొన్ని గదులను మాత్రం పట్టుకోవాలి, అంతకు ముందువి వదిలేయాలి. ఒక చోట రెండు వరుసలు చేర్చింది. బ్రాకెట్లు వేలితో తడుముతూ సరి చూసుకుంది. చేసేది కొంచెమే అయినా మధ్యలో చాలాసార్లు పెన్సిలు ఆపింది. చివరికి ఆ మార్పును మీటలు కొట్టి మిషన్‌లోకి ఎక్కించింది.

"ఇప్పుడు ఆడు అత్తా. చివరి దాంక ఆడు. నేను ఆడితే లెక్క కాదు."

"రత్నను ఆడమను."

"రత్నక్కకు ఓపిక లేదు. నాలుగు నెట్టులకు ఇడిసిపెడ్తది."

"అవ్ మల్ల," అంది రత్నాబాయి. "నాకు మా ఇంట్ల సామానే చాలు."

"నువ్వు ఎంత తిరుగుతవో తిరుగు," అంది మంగళ. "ఆగిపోవద్దు. గంతే నాకు కావాల్సింది. కని చివరికి గెలువు. గెలిచేటట్టు ఉన్నదో లేదో గూడ చూడాలె గద."

తిరిగాను. ముందు తిరిగినంతా తిరిగాను, కావాలనే ఇంకా ఎక్కువ తిరిగాను. మిషన్ మధ్య మధ్య ఆగి ఊడ్చుకుంది. ప్రతిసారీ అది మళ్ళీ కదిలింది. వాకిట్లో పిల్లలు గోల చేస్తున్నారు. కింద నల్లా దగ్గర బకెట్ల చప్పుడు మొదలైంది. ఆటలో నాకు తెలియని దారి ఏదీ మిగల్లేదు. మోరి దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

నెట్టకపోతే ఆట ముగియదు. అయినా అది ఇక ఆగిపోదని తేలిపోయింది. బుధవారం అది నడుస్తుంది. నేను నెట్టినా నెట్టకపోయినా పిల్ల పోతుంది. అయితే ఇంకో సంగతి ఉంది. అత్త గెలిచిందని చెప్పుకుంటూ పోవడం వేరు. అత్త పెట్టె ముందు నిలబడిపోయిందని తలుచుకుంటూ, వెనుక ఏదో వదిలేసి వచ్చినట్టు ఆ ఊళ్ళో బతకడం వేరు. బరువు ఎక్కువైతే పోయినవాళ్ళు నడవలేరు.

మీట నొక్కాను. ఆకుపచ్చ పెట్టె, తెర మీద తెల్ల చదరమే అది, ఒక అడుగు జరిగింది. మళ్ళీ నొక్కాను. గోడకు ఆనింది. ఏమీ కాలేదు. గోడ అవతల మా ఖోలీలో ఏదైనా పడిందేమోనని చెవి పెట్టాను. ఏమీ పడలేదు.

కుట్టు మిషన్‌కు దారి దొరికింది. బల్ల కూడా చోటికి చేరింది. చుక్కలన్నీ నిండాయి. తెర మీద ఒక మాట వచ్చింది. "గెలిచినవ్," అంది మంగళ.

నేను వెనుకకు మీట నొక్కాను. బల్ల వెనుకకు వచ్చింది. ఇంకా నొక్కాను. కుట్టు మిషన్ వెనుకకు వచ్చింది, నక్షత్రం ఒక్కో అడుగే వెనుకకు నడిచింది. ఇంకా నొక్కాను. కదలలేదు. పెట్టె గోడకు ఆనే ఉంది.

"ఇంకా ఎనుకకు?" అన్నాను.

"లేదు అత్తా. గవి ఇడిసిన గద. గంతే."

గట్టిగా ఇంకొకసారి నొక్కాను. రత్నాబాయి నా చెయ్యి మెల్లగా తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

బుధవారం వచ్చినవాళ్ళు ఆట ఆడారట. అందులో ఒకాయన నాకంటే అన్యాయంగా తిరిగాడట, పెట్టెలన్నీ మూలలకు నెట్టేశాడట. ఆట ఆగలేదు. ఇంత చిన్న మిషన్‌లో ఎట్లా పట్టించావని అడిగితే, కొన్ని వదిలేశాను సార్ అని చెప్పిందట. ఎన్నిటిని పట్టుకోవాలో ఎట్లా తెలిసిందని అడిగాడట. మా అత్త ఆడితే తెలిసిందని చెప్పిందట. ఆయనకు అర్థమై ఉండదు.

ఇప్పుడు ఆ పిల్ల సంచికి నాడా కట్టడం అయింది. మంగళ నా కాళ్ళకు దండం పెట్టింది. గోడ మీద దేవుడికి పెట్టింది. మోరి దగ్గరికి పోయి ఆకుపచ్చ పెట్టె మీద ఒకసారి చెయ్యి వేసింది.

"దసరాకు వస్త," అంది.

"నీళ్ళ బాటిల్?"

"ఉన్నది."

"బండ్ల కిటికి పక్కన కూసోకు, దొంగలు చెయ్యి పెట్టి గుంజుతరు."

"కూసోను."

"నర్సమ్మక్కా, పిల్లను పోనియ్యి," అంది రత్నాబాయి. "నువ్వు చెప్పేటియన్ని ఇంటే బండి కాదు, దసరానే పోతది."

"పోయొస్త అత్తా," అని మంగళ మెట్లు దిగింది. వెనుక నుంచి పిలవకూడదు కాబట్టి ఇంకా చెప్పవలసినవి నోట్లోనే ఉంచుకున్నాను. గల్లీ మలుపు తిరిగేదాకా గ్యాలరీలో నిలబడి చూశాను.

ఆ రోజు ఊడవలేదు. మరునాడు కూడా ఊడవలేదు. జడ దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలు, సంచి మీద తెగిన దారపు ముక్కలు, సర్వపిండి పొడి, అన్నీ నేల మీద అట్లాగే ఉన్నాయి. వాటిని దాటుకుంటూ వండుకున్నాను, తిన్నాను, పడుకున్నాను. తరువాత కింద మందుల దుకాణం వాళ్ళ పనిమనిషి పైకి వచ్చి, మీ అమ్మాయి ఫోను చేసింది, చేరిందట, అని చెప్పి పోయింది.

చీపురు తీసుకున్నాను. తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టి మోరి దాకా వచ్చాను. ప్రతిరోజూ పెట్టె చుట్టూ ఊడ్చి వదిలేసేదాన్ని. ఆ రోజు చీపురు కింద పెట్టి రత్నాబాయిని పిలిచాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరం వంగి నెట్టాం. పెట్టె అంగుళం కదలలేదు. అడుగు నేలకు తుప్పు పట్టి అతుక్కుంది.

"నెడితే రాదు," అంది రత్నాబాయి. "గుంజు అక్కా. దీనికి పిడి ఉన్నది గద."

చెరో పిడి పట్టుకుని గుంజాం. చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది. లోపల తాపీ, రసమట్టం కడ్డీ గలగలమన్నాయి. తెరవలేదు. అటక కిందికి, బియ్యం డ్రమ్ము పక్కకు తెచ్చి పెట్టాం. పెట్టె ఉన్న చోట నేల మీద తుప్పు మరక నలుచదరంగా ఉంది. మోరి తడి చేరి ఒక మూల మట్టిలా అయింది. ఊడ్చాను. నీళ్ళు పోసి కడిగాను. మరక పోలేదు.

రత్నాబాయి తన ఖోలీకి పోయింది. కడిగిన చోట చాప వేసుకుని కూర్చున్నాను. నడుము నొప్పిగా ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు అయింది. ఎవరో పై అంతస్తుకు పోయారు.

మంగళ దసరాకు వచ్చింది. ఉగాదికి సెలవు దొరకలేదు, వానలు మొదలయ్యాక వచ్చి కొన్ని రోజులు ఉండి పోయింది. నా తమ్ముడు బుచ్చన్న 1979 ఏప్రిల్‌లో మస్కట్ పోయాడు. అతను తిరిగి రాలేదు.